గుండె కండర రక్షణ: ఆపి కాపాడే విద్య

శస్త్రచికిత్స కోసం గుండెను ఆపినంతసేపూ, లేదా ఒకరి ఛాతీ నుంచి తీసి మరొకరి ఛాతీలో అమర్చేంతసేపూ దాని కండరం చచ్చుబడకుండా కాచుకునే పద్ధతులన్నిటికీ కలిపి గుండె కండర రక్షణ అని పేరు. వైద్యులు మయోకార్డియల్ ప్రొటెక్షన్ అంటారు. ఇందుకు వాడే ద్రావణం కార్డియోప్లీజియా. ఆపరేషన్ థియేటర్లో దాన్ని పొట్టిగా ‘ప్లీజియా’ అని పిలుస్తారు. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రి థియేటర్లలో గానీ, లోకంలో మరెక్కడైనా గానీ, ఆగిన గుండె మీద కుట్టుపని చేసే ప్రతి సర్జన్ ఈ ద్రావణాన్ని నమ్ముకునే కత్తి పడతాడు.

ఒళ్లంతటికీ రక్తం పంచే గుండె తన కోసం చుక్క కూడా దాచుకోదు. దాని కడుపు నిండా రక్తమున్నా, కండరానికి తిండి అందేది పైన అల్లుకున్న కరొనరీ ధమనుల నుంచే. బృహద్ధమని మొదట్లోనే అవి చీలుతాయి. ఓపెన్ హార్ట్ సర్జరీలో ఊపిరితిత్తుల పనీ గుండె పనీ హార్ట్-లంగ్ మెషీన్ అందుకుంటుంది; సర్జన్ బృహద్ధమనికి క్లాంప్ బిగిస్తాడు. రోగి మెదడుకూ మూత్రపిండాలకూ రక్తం అందుతూనే ఉంటుంది. పస్తు పడేది గుండె ఒక్కటే.

ఆ పస్తులో ముందు కరిగిపోయేవి కండర కణాలకు శక్తినిచ్చే రెండు పదార్థాలు: ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ. ఈ రెండింటి కథలోనూ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని ఆయన ప్రకటించారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. గుండెను తెరిచి బాగు చేయవచ్చన్న ఊహే గట్టిపడని రోజులవి. తర్వాతి తరాల సర్జన్లు కనిపెట్టిన ద్రావణాలన్నీ ఏటీపీ ఖర్చు తగ్గించడానికి పడ్డ పాట్లే కనుక, ఈ విద్య చరిత్రను సుబ్బారావు దగ్గర మొదలుపెట్టడమే న్యాయం.

సర్జన్లకు మొదట తోచిన ఉపాయం చలి. శరీరం చల్లబడితే ఆక్సిజన్ అవసరం తగ్గుతుందని టొరంటోలో విల్‌ఫ్రెడ్ బిగెలో 1950 నాటికి జంతువుల్లో చూపించాడు. 1952 సెప్టెంబరు 2న మినసోటాలో జాన్ లూయిస్ ఐదేళ్ల పాప ఒంటిని చల్లబరచి, గుండె గదుల నడుమ ఉన్న రంధ్రం మూసేశాడు. దక్కిన సమయం కొద్ది నిమిషాలే. మరుసటి ఏడాది మే 6న జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషీన్‌తో ఆపరేషన్ చేసి నెగ్గాక సమయం చిక్కింది గానీ, కొట్టుకుంటూ రక్తం చిమ్మే గుండె మీద సన్నని కుట్లు వేయడం ఎలా అన్న చిక్కు మిగిలింది.

లండన్‌లో డెనిస్ మెల్‌రోజ్ 1955లో దీనికి జవాబు చెప్పాడు. పొటాషియం సిట్రేట్ కలిపిన రక్తాన్ని కరొనరీల్లోకి పంపితే గుండె నిశ్చలంగా ఆగిపోతుంది. మామూలు రక్తం పారగానే మళ్లీ కొట్టుకుంటుంది. అద్భుతమనే అనుకున్నారు. కొన్నేళ్లలోనే ఆ గుండెల కండరం దెబ్బతింటోందని తేలింది. మోతాదు మరీ గాఢం కావడం వల్ల వచ్చిన నష్టమది. ఆలోచనలో తప్పు లేకపోయినా సర్జన్లు పొటాషియాన్నే పక్కన పెట్టేశారు. దాదాపు పదిహేనేళ్లు పోగొట్టిన ఈ తొందరపాటు వైద్య చరిత్రలో నిజంగా బాధ పెట్టే ఘట్టం.

ఆ మధ్యకాలంలో స్టాన్‌ఫర్డ్‌లో నార్మన్ షమ్వే గుండె చుట్టూ చల్లటి సెలైన్ పోసి నెట్టుకొచ్చాడు. హ్యూస్టన్‌లో డెంటన్ కూలీ బృందం 1972లో ఒక భయంకర దృశ్యానికి పేరు పెట్టింది: స్టోన్ హార్ట్. ఆపరేషన్ చక్కగా ముగుస్తుంది, క్లాంప్ తీస్తారు, గుండె మాత్రం రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. కండరం ముడుచుకోవడానికే కాదు, విప్పారడానికీ ఏటీపీ కావాలి. అది పూర్తిగా అడుగంటితే పట్టు సడలదు.

ఈ దెబ్బతో పరిశోధకులు మళ్లీ పొటాషియం వైపు చూశారు. 1973లో గే, ఎబర్ట్ తక్కువ మోతాదుతో హాని లేదని చూపారు. లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో జీవరసాయన శాస్త్రవేత్త డేవిడ్ హర్స్, సర్జన్ మార్క్ బ్రెయింబ్రిడ్జ్ కలిసి 1975లో తమ ద్రావణాన్ని రోగులకు వాడారు. అందులో పొటాషియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంది. ఆ ఆసుపత్రి పేరుతోనే ఆ ద్రావణం దేశదేశాలకూ పాకింది. జర్మనీలో బ్రెట్‌ష్నైడర్ వేరే దారి తొక్కాడు: సోడియం బాగా తగ్గించి, ఆమ్లతను అదుపు చేసే హిస్టిడిన్‌ను చేర్చాడు. ఒక్కసారి ఇస్తే చాలాసేపు నిలిచే ఆ హెచ్‌టీకే ద్రావణాన్ని దాత గుండెల కోసం ఇప్పటికీ వాడుతున్నారు.

లాస్ ఏంజెలెస్‌లో జెరాల్డ్ బక్‌బర్గ్, ద్రావణానికి రక్తాన్నే వాహకం చేయాలన్నాడు. రక్తమైతే ఆక్సిజన్‌నూ మోసుకెళ్తుంది. ఆయన బృందం లెక్కలు ఎన్నో సంగతులు చెబుతాయి. పనిచేస్తున్న గుండె 100 గ్రాముల కండరానికి నిమిషానికి 8 నుంచి 10 మిల్లీలీటర్ల ఆక్సిజన్ తాగుతుంది. చల్లబరచకుండా ఊరికే ఆపితే చాలు, ఆ ఖర్చు ఒక మిల్లీలీటరు దగ్గరికి దిగుతుంది. ఆపైన 22 డిగ్రీలకు చల్లబరిస్తే 0.3 దాకా వస్తుంది. అంటే పొదుపులో పెద్ద వాటా చలిది కాదు, విశ్రాంతిది. చలిని నమ్ముకున్న తొలి తరం ఈ తేడాను పట్టుకోలేకపోయింది.

పిట్స్‌బర్గ్‌లో పసిగుండెల కోసం పెడ్రో డెల్ నీడో బృందం 1990ల తొలినాళ్లలో రూపొందించిన ద్రావణం, లిగ్నోకెయిన్ చేర్పుతో, ఒక్క మోతాదుకే గంటకు పైగా కాపలా కాస్తుంది. ఇప్పుడది పెద్దల ఆపరేషన్లకూ వచ్చింది. పాత పద్ధతిలోనైతే ఇరవై నిమిషాలకోసారి, హార్ట్-లంగ్ మెషీన్ నడిపే పెర్ఫ్యూజనిస్టు సమయం గుర్తుచేస్తాడు. సర్జన్ సూది పక్కన పెట్టి, ప్లీజియా పారేదాకా ఆగుతాడు.

ఈ విద్య హైదరాబాద్‌లో వేళ్లూనుకున్న చోట్లలో ముఖ్యమైనది పంజాగుట్ట. నిజాం ట్రస్టు చలవతో ఎముకల ఆసుపత్రిగా మొదలైన నిమ్స్ తర్వాత అన్ని సూపర్ స్పెషాలిటీలకూ నిలయమైంది. ఉమ్మడి రాష్ట్రంలో ఓపెన్ హార్ట్ సర్జరీకి బాట వేసిన వారిలో ఒకరైన దాసరి ప్రసాదరావు ఈ సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు.

గుండె మార్పిడి ఇదే విద్యకు మరింత కఠినమైన పరీక్ష. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ తొలి మార్పిడి చేశాడు. రెండున్నర నెలలకే ముంబై కేఈఎం ఆసుపత్రిలో పి.కె.సేన్ ప్రయత్నించారు, రోగి కొద్ది గంటలే బతికాడు. దేశంలో తొలి విజయం 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దక్కింది. ఆ సర్జన్ రాజమండ్రిలో పుట్టిన పనంగిపల్లి వేణుగోపాల్. అవయవ మార్పిడి చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన ఘనత ఆళ్ల గోపాలకృష్ణ గోఖలేది. 2016లో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఆయన గుండె మార్చారు.

దాత నుంచి తీసిన గుండెను ప్లీజియాతో ఆపి, చల్లని ద్రావణంలో ముంచి, సంచి మీద సంచి కట్టి, ఐస్ పెట్టెలో పెడతారు. అక్కడి నుంచి సుమారు నాలుగు గంటలు. మూత్రపిండానికైతే రోజు దాకా గడువుంటుంది. గుండె అంత ఓర్చుకోలేదు. జీవన్మృతుల కుటుంబాలు అవయవదానానికి ఒప్పుకున్నాక ఏ గుండె ఎవరికన్నది ‘జీవన్‌దాన్’ నిర్ణయిస్తుంది. 2013లో పని మొదలుపెట్టిన ఈ పథకం కార్యాలయం నిమ్స్‌లోనే ఉంది. పుట్టెడు దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లు తలూపిన ఆ ఒక్క క్షణమే లేకుంటే పైన చెప్పిన ద్రావణాలకు పనే ఉండదు.

ఆ నాలుగు గంటలకు మిగిలిన అడ్డంకి ట్రాఫిక్. సాయంత్రం పూట అమీర్‌పేట కూడలి దాటడమంటే ఏమిటో నగరవాసులకు చెప్పనక్కర్లేదు. పోలీసులు గ్రీన్ చానల్ ఇచ్చి సిగ్నళ్లు ఆపుతారు. 2021 ఫిబ్రవరి 2న మరో దారి దొరికింది. ఎల్బీనగర్ కామినేని ఆసుపత్రిలో ఒక రైతు కుటుంబం దానం చేసిన గుండెను నాగోల్ స్టేషన్లో ప్రత్యేక మెట్రో రైలెక్కించారు. రైలు ఎక్కడా ఆగలేదు. ఎప్పుడూ కిటకిటలాడే అమీర్‌పేట ఇంటర్‌చేంజ్‌ను కూడా ఆగకుండా దాటి, 21 కిలోమీటర్లు అరగంట లోపే నడిచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు చేరింది. అపోలో ఆసుపత్రిలో గోఖలే బృందం దాన్ని అమర్చింది. 2025 జనవరి 17 రాత్రి ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు మరో గుండె 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో వెళ్లింది.

రైలు దిగగానే గడువు ఆగిపోదు. కొత్త ఛాతీలో ఎడమ కర్ణిక, ధమనులు, సిరలు కుట్టి ముగించేసరికి దాదాపు ఇంకో గంట పడుతుంది. అదీ ఆ నాలుగు గంటల్లోదే. అందుకే థియేటర్ రికార్డులో పెట్టె చేరిన వేళ కంటే రెండు నిమిషాలకు విలువెక్కువ: దాత బృహద్ధమనికి క్లాంప్ పెట్టిన నిమిషం, గ్రహీత ఛాతీలో క్లాంప్ తీసిన నిమిషం. రెండోది రాసుకున్నాక అందరి చూపూ గుండె మీదే. వెచ్చని రక్తం పారుతుంది, పాలిపోయిన కండరం ఎర్రబడుతుంది, కాసేపు అడ్డదిడ్డంగా అదురుతుంది. లయ దానంతటదే రాకపోతే చిన్న షాక్ ఇస్తారు.