పాత కారు హారన్: ఒక్క వైరు వెనక వందేళ్ళ కథ

సాయంత్రం పూట పంజాగుట్ట నుంచి బంజారా హిల్స్ రోడ్ నంబర్ వన్ ఎక్కారా ఎప్పుడైనా? చెవులు గింగుర్లే. 1930ల్లో మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడ ఇల్లు కట్టుకున్నప్పుడు చుట్టూ రాళ్ళగుట్టలు, బంజారాల నివాసాలే. అప్పట్లో హారన్ వినపడిందంటే ఎవరో వస్తున్నారని కబురు. ఇవాళ ఆ హారన్ కథే.

అసలు మొదట్లో హారన్‌కి వైరే లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. 1911లో ఆయన చనిపోయారు. కారు కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కి చేరింది. ఆ రోజుల్లో చాలా కార్లకి దీపాలు గ్యాస్‌తోనో నూనెతోనో వెలిగేవి. హారన్ అంటే ఇత్తడి బాకా, దాని చివర రబ్బరు బుడ్డి. నొక్కితే "పోంయ్" అంతే.

కరెంట్ హారన్ 1908లోనే అమెరికాలో మార్కెట్‌కి వచ్చింది. పేరు క్లాక్సన్, డిజైన్ మిల్లర్ రీస్ హచిసన్‌ది. చిన్న మోటార్ పళ్ళచక్రాన్ని తిప్పుతుంది, ఆ పళ్ళు పలుచటి రేకుని కొడతాయి. 1912లో కాడిలాక్ కార్లకి సెల్ఫ్ స్టార్టర్, కరెంట్ లైట్లు వచ్చాయి. అంటే కారులో పెద్ద బ్యాటరీ సెటిలైపోయింది. ఇక హారన్‌కి వైర్ లాగడమే మిగిలింది!

ఇక్కడే అసలు తెలివి. చాలా పాత కార్లలో బ్యాటరీ కరెంట్ నేరుగా హారన్ దాకా వచ్చి ఆగుతుంది. అక్కణ్ణుంచి ఒక్క వైరు స్టీరింగ్ కాలమ్ లోపలి నుంచి బటన్‌కి వెళ్తుంది. బటన్ నొక్కితే ఆ వైరు కారు బాడీకి, అంటే ఎర్త్‌కి తగులుతుంది. సర్క్యూట్ పూర్తి, హారన్ మోత. తిరుగు ప్రయాణానికి రెండో వైరు అక్కర్లేదు, కారు ఇనుమే వైరు అన్నమాట.

అందుకే తాతగారి కారు హారన్ మోగకపోతే ముందు ఎర్త్ చూడండి. తుప్పు, పెయింట్ గీకితే సగం కేసులు క్లోజ్. స్టీరింగ్ తిప్పినప్పుడు దానంతటదే మోగితే, కాలమ్‌లో వైరు తొడుగు అరిగిందని అర్థం. ఇంకోటి, పాత కార్లలో చాలావాటికి 6 వోల్టుల బ్యాటరీ. 12 పెడితే హారన్ కాయిల్ మాడిపోతుంది.

కానీ మనం చేసేదేంటి? పాత వైర్లు కోసేసి, డాష్‌బోర్డ్ కింద కొత్త స్విచ్ బిగించేస్తాం. అరగంట పని. ఫ్యూజ్ ఉండదు, సన్న వైరు వేడెక్కుతుంది, ఒక్కోసారి కారే అంటుకుంటుంది. మంటలు రాకపోయినా, ఆ కారుని కట్టినవాళ్ళు ఎలా ఆలోచించారో చెప్పే ఆధారం చెత్తబుట్టలోకి పోతుంది. దానికి బదులు ఫ్యూజ్, రిలే పెట్టి, పాత బటన్‌నే వాడండి. బరువు రిలే మోస్తుంది. రేపు వద్దనుకుంటే తీసేయొచ్చు, పాతది పాతగానే ఉంటుంది.

2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించొచ్చు. నంబర్ ప్లేట్ మీద "వీఏ" అక్షరాలు వస్తాయి. రోజూ ఆఫీసుకి తిప్పడానికి మాత్రం కుదరదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ ఓకే.

రోడ్ నంబర్ వన్ మీద ఇంకో హారన్ ఎవరికీ అక్కర్లేదు, నిజమే. కానీ పాత హారన్ ఒక్కసారి మోగితే ఆ కారు ఏ కాలం నుంచి వచ్చిందో చెవికి తెలుస్తుంది. మీ ఇంట్లో పాత కారుంటే, వైర్ కోసే ముందు ఒక ఫోటో తీయండి. మళ్ళీ కలుద్దాం!