సముద్రం లేని పల్నాట సింహళ విహారం

పల్నాడు అనగానే నాపరాయి, మిరప, నాగులేరు, కారంపూడి, కోడిపోరు గుర్తుకొస్తాయి. ఓడ మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. మాచర్ల వాళ్లు సముద్రం చూడాలంటే సూర్యలంక దాకా నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేయాలి. అలాంటి మాచర్ల మండలంలోనే, నాగార్జునకొండ లోయలో, పదిహేడు శతాబ్దాల కిందట సింహళ విహారం అనే కట్టడం ఉండేది. ఓడెక్కి వచ్చిన పరదేశీయుల పేరు మీద వెలసిన నివాసం అది. పల్నాడు నుంచి పరదేశాలకు వెళ్లినవాళ్ల కథలు ఈనాడు ఇంటికొకటి దొరుకుతాయి. పరదేశం నుంచి పల్నాటికి వచ్చి స్థిరపడినవాళ్ల కథ అంతకంటే పాతది, దానికి రాతి సాక్ష్యమూ ఉంది.

సాక్ష్యం చెప్పింది ఒక గృహిణి. పేరు బోధిసిరి, ఊరు గోవగామ. ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. 3వ శతాబ్దంలో, రాజధాని విజయపురికి తూర్పున శ్రీపర్వతం మీద చిన్న ధమ్మగిరి విహారంలో ఆమె ఒక చైత్యగృహం కట్టించి, నేల మీద పరిచిన రాళ్లపై ప్రాకృతంలో శాసనం చెక్కించింది. ఆ చైత్యగృహాన్ని ఎవరికి అంకితం చేసిందో చూడండి: తంబపణ్ణి, అంటే సింహళ దేశపు ఆచార్యులకు. కాశ్మీర, గాంధార, చీన, చిలాత, తోసలి, అవరంత, వంగ, వనవాసి, యవన, దమిళ, పలూర, తంబపణ్ణి ద్వీపాల ప్రజలను బౌద్ధంవైపు తిప్పినవాళ్లని వాళ్లను పొగిడింది. పొగడ్తలో కొంత అతిశయం ఉండవచ్చు. అయినా పల్నాటి కొండల మధ్య ఉంటూ ఇన్ని దేశాల పేర్లు ఏకరువు పెట్టిన మనిషికి ప్రపంచం చిన్నదేమీ కాదు.

ఆ తర్వాత ఆమె తాను కట్టించినవన్నీ లెక్క చెబుతుంది. కులహ విహారంలో చైత్యగృహం, మహా ధమ్మగిరిలో ఒక గది, దేవగిరిలో ఒక శాల, పూర్వశైల విహారంలో చెరువు, వసారా మండపం, పాపిలలో ఏడు గదులు, పుష్పగిరిలో రాతి మండపం. జాబితా మధ్యలో రెండు పద్దులున్నాయి. సింహళ విహారంలో బోధివృక్షానికి ఒక ప్రాసాదం. కంటకసేలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఒక రాతి మండపం. ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే పల్నాటికీ సముద్రానికీ మధ్య దారి కనిపిస్తుంది.

ముందు చెట్టు సంగతి. అశోకుడి కూతురు సంఘమిత్త బోధివృక్షపు కొమ్మను బంగారు పాత్రలో పెట్టుకుని తామ్రలిప్తి దగ్గర ఓడెక్కి సింహళంలో దిగిందని మహావంశం చెబుతుంది. అనురాధపురంలో నాటిన ఆ చెట్టుకు నేటికీ పూజలు జరుగుతున్నాయి. అంటే సింహళ బౌద్ధులకు బోధివృక్షమే ఓడ దిగి వచ్చిన అతిథి. వాళ్లు పల్నాట ఇల్లు కట్టుకున్నప్పుడు పెరట్లో ఆ చెట్టుకూ చోటు ఉండాలనుకోవడంలో వింత లేదు. పరదేశంలో దిగినవాడు మొదట తన పూజగది సర్దుకుంటాడు. ఇక్కడ ఆ ఖర్చు భరించింది స్థానిక స్త్రీ, అదీ విశేషం.

వచ్చినవాళ్లు ఏదో నాలుగు రోజులు యాత్ర చేసి పోయినవాళ్లు కారు. నాగార్జునకొండలోనే దొరికిన ఒక బుద్ధపాదం రాతి మీద, తాము థేరవాద విభజ్యవాదులమనీ మహావిహారవాసులమనీ చెప్పుకున్న ఆచార్యుల ప్రస్తావన ఉంది. మహావిహారం అనురాధపురంలోని పేరుమోసిన మఠం. ఆ శాఖ వాళ్లకు కృష్ణ ఒడ్డున సొంత నివాసం ఉండేదన్నమాట. ఇక్కడి విహారాల గుమ్మాల ముందు అర్ధచంద్రాకారపు మెట్టురాళ్లున్నాయి, కొన్నింటి అంచున జంతువుల వరుస చెక్కారు. సింహళంలో ఇలాంటి చంద్రశిలలే శిల్పకళకు చిరునామా అయ్యాయి, కాకపోతే అనురాధపురంలో ఇవాళ అందరూ చూసే నగిషీ చంద్రశిలలు వీటి తర్వాతి కాలానివి. పల్నాటి సున్నపురాయిని పోలిన రాతిలో అమరావతి శైలిలో చెక్కిన శిల్పాలు శ్రీలంకలోనూ బయటపడ్డాయి. భిక్షువులు ఇటు వస్తే బొమ్మలు అటు వెళ్లాయి.

మరి దారి? విజయపురికి నదీముఖంగా రాతి మెట్ల ఘాట్ ఉండేది. అక్కడి నుంచి కృష్ణ వెంట పులిచింతల గుట్టల సందులోంచి, ధరణికోట, అమరావతి మీదుగా, విజయవాడ దాటి డెల్టాలోకి దిగితే కంటకసేల. నది వెంట రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. ఇప్పటి కృష్ణా జిల్లా ఘంటసాల అదే. టాలెమీ క్రీ.శ. 2వ శతాబ్దంలో రాసిన భూగోళంలో మైసోలియా తీరాన కొంటకోస్సిల అనే రేవుపట్నంగా నమోదైంది. డెల్టా మేట వేస్తూ పోవడంతో సముద్రం దూరం జరిగి, ఘంటసాల ఇప్పుడు వరిచేల మధ్య ఊరు. అక్కడి స్తూపాన్ని పురావస్తువేత్త అలెగ్జాండర్ రే 19వ శతాబ్దం చివర తవ్వించాడు.

ఘంటసాల ప్రాకృత శాసనాల్లో ఒకదానిలో మహానావికుడు సివకుడు కనిపిస్తాడు. నావికుడు కాదు, మహానావికుడు. ఓడ నడిపించే పెద్ద అన్న హోదా అది. ఇలాంటి హోదాతోనే బుద్ధగుప్తుడనే మరో మహానావికుడి పేరు 5వ శతాబ్దపు శాసనంలో ఉంది. ఆ రాయిని జేమ్స్ లో అనే ఆయన 1834లో మలయా ద్వీపకల్పంలోని ప్రావిన్స్ వెల్లెస్లీలో కనిపెట్టాడు. బుద్ధగుప్తుడిది వంగదేశపు రక్తమృత్తిక. సొంత ఊరి పేరు చెప్పుకుంటూ సముద్రానికి ఆవలి గట్టున రాయి చెక్కించిన మనిషి. మన సివకుడు ఎన్ని తీరాలు తిరిగాడో ఆయన రాయి చెప్పదు. నౌకా వ్యాపారుల డబ్బుతో మండపాలు లేచిన కాలంలో నావికుల గురించి మిగిలింది ఇలాంటి ఒకటి రెండు పంక్తులే. గదులు కట్టించిన బోధిసిరి మాత్రం గోవగామ దగ్గర మొదలుపెట్టి చుట్టపక్కాల దాకా తన వివరాలన్నీ రాయించుకుంది. చరిత్రలో పేరు నిలవాలంటే ఓడ ఎక్కడం కన్నా రాయి చెక్కించడం మేలనిపిస్తుంది!

ఆ ఓడలు ఎలా ఉండేవో నాణేల మీద చూడవచ్చు. శాతవాహన రాజులు పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. కొన్నింటి మీద అడుగున చేప కూడా ఉంటుంది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుడొకడు రాసిన పెరిప్లస్‌లో, తూర్పు తీరంలో దుంగలు జోడించి కట్టిన సంగరలు తీరం వెంట తిరుగుతాయని, గంగకూ సువర్ణభూమికీ వెళ్లే కొలందియలు చాలా పెద్దవని ఉంది. మసాలియాలో, అంటే టాలెమీ చెప్పిన మైసోలియాలోనే, సన్నని బట్టలు విస్తారంగా తయారవుతాయని కూడా అదే పుస్తకం చెబుతుంది. సువర్ణభూమికి పోయే ఓడలు గట్టు వదిలి నడిసముద్రంలోకి మళ్లే చోటును టాలెమీ ఈ తీరంలోనే గుర్తించాడు. ఆయన పేర్కొన్న పలూర, బోధిసిరి జాబితాలోని పలూర ఒకటే అంటారు, ఒడిశాలోని గంజాం దగ్గరి ఊరు.

ఈ తీరపు పడవ పనితనం ఎలాంటిదో తర్వాతి కాలపు మసూలా పడవను చూస్తే కొంత తెలుస్తుంది. చెక్కలకు అంచుల వెంట తూట్లు వేసి, సందున గడ్డి పెట్టి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేస్తారు. ఒక్క మేకు ఉండదు, లోపల అడ్డకర్రల చట్రమూ ఉండదు. అలల మీద పడ్డప్పుడు గట్టి పడవ పగిలిపోతే ఇది ఒంగి లేస్తుంది. ఓడను దూరాన లంగరు వేసి, మనుషుల్నీ సరుకునూ ఇందులో గట్టుకు దించేవాళ్లు. మద్రాసులో రేవు కట్టేదాకా దొరలు కూడా ఇందులో తడిసి ముద్దయ్యే దిగారు.

ప్రయాణం గాలి చేతిలో ఉండేది. చలికాలపు ఈశాన్య గాలి దక్షిణానికి తోస్తుంది, వేసవి చివర మొదలయ్యే నైరుతి గాలి ఉత్తరానికి. చైనా యాత్రికుడు ఫాహియాన్ 5వ శతాబ్దం మొదట్లో తామ్రలిప్తిలో ఓడెక్కి, చలికాలపు గాలి వాటున 14 రోజుల్లో సింహళం చేరాడు. నైరుతితో ఇటొచ్చిన భిక్షువు తిరిగి వెళ్లాలంటే నెలల తరబడి ఆగాలి. పైగా వానాకాలం మూడు నెలలూ భిక్షువులు ఒకేచోట ఉండాలన్నది సంఘ నియమం. ఓడల పంచాంగమూ విహారాల పంచాంగమూ ఇలా కలిసిపోయాయి. బోధిసిరి దానాల్లో విడిగా ఒకటి, ఏడు అని గదుల లెక్క ఎందుకుందో ఈ కోణంలో చూస్తే అర్థమవుతుంది. గాలి మారేదాకా తల దాచుకునే చోట్లు కావచ్చు అవి.

సముద్రయానాన్ని తప్పుపట్టిన గ్రంథాలు అప్పటికే ఉన్నాయి. బౌధాయన ధర్మసూత్రం దాన్ని పతనహేతువుల్లో చేర్చింది. పైగా అది ఉత్తరాది వాళ్ల అలవాటని ఒక పోటు పొడిచింది. ఇక్ష్వాకుల ఇంట్లో మాత్రం వైదికం, బౌద్ధం రెండు దారులూ పక్కపక్కనే నడిచాయి. వంశకర్త చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు చాంతిసిరి నాగార్జునకొండ మహాచైత్యం నిర్మాణానికి పూనుకున్న బౌద్ధురాలు. ఒకే కప్పు కింద యజ్ఞమూ చైత్యమూ సర్దుకున్న ఊళ్లో, సింహళం నుంచి వచ్చినవాళ్లు కంటికి పరాయిగా కనిపించి ఉండరు. ఉజ్జయిని నుంచి కోడలిగా రుద్రధర భట్టారిక వచ్చింది. రోమన్ చక్రవర్తి టిబీరియస్, మహారాణి ఫాస్టినా పేర్లున్న బంగారు నాణేలు ఇక్కడి తవ్వకాల్లో దొరికాయి. పల్నాటి లోయ ఆనాడు మూలనున్న ఊరు కాదు.

ఇక్ష్వాకుల పాలన 4వ శతాబ్దం మొదట్లో ముగిసింది, విహారాలు పాడుబడ్డాయి. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఇక్కడి పాత స్తంభం గురించి అధికారులకు తెలిపాడు. మద్రాసు శాసన విభాగం నుంచి ఎ.ఆర్. సరస్వతి వచ్చి చూశారు. పురావస్తువేత్త లాంగ్‌హర్స్ట్ 1927 నుంచి 1931 దాకా తవ్వించాడు, బోధిసిరి శాసనాన్ని వోగెల్ అనే పండితుడు చదివి అచ్చు వేశాడు. నాగార్జునసాగర్ డ్యాం కట్టే నిర్ణయం జరగడంతో, నీళ్లు రాకముందే పని ముగించాలని ఆర్. సుబ్రహ్మణ్యం బృందం 1954–60 మధ్య లోయంతా గాలించింది; ఆ మధ్యలోనే, 1955 డిసెంబరు 10న, నెహ్రూ డ్యాంకు శంకుస్థాపన చేశాడు. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ అనుపు దగ్గరికీ మార్చి మళ్లీ పేర్చారు. తవ్విన లోయ నీటి అడుగుకు పోయింది. బోధిసిరి దారి వెతుక్కుంటూ వెళ్లేవాడు ఇప్పుడు విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాల్సిందే.

అటు నుంచి ఇటు వచ్చినవాళ్ల లెక్క ఇది. ఇటు నుంచి అటు వెళ్లినవాళ్లలో పెద్ద పేరు బుద్ధఘోషుడిది. 5వ శతాబ్దంలో సింహళ రాజు మహానాముడి ఏలుబడిలో అనురాధపురం మహావిహారానికి వెళ్లి, సింహళ వ్యాఖ్యానాలను పాళీలోకి మార్చి, విసుద్ధిమగ్గం రాసినవాడు. అంధకట్ఠకథ అనే ఆంధ్రదేశపు వ్యాఖ్య ఒకటి ఆయన ముందుంది. దాన్ని పేరుపెట్టి ఉదహరిస్తూ చాలాచోట్ల ఒప్పుకోకుండా పక్కన పెట్టాడు. ఆయన సముద్రయానం చుట్టూ ఒక కథ అల్లుకుంది. వెళుతుంటే నడిసముద్రంలో ఎదురుగా మరో ఓడ వచ్చింది. అందులో సింహళం నుంచి తిరిగివస్తున్న బుద్ధదత్తుడనే మరో భిక్షువు ఉన్నాడు. వచ్చిన పని సగంలో వదిలి పోతున్నాననీ, నువ్వు పూర్తి చేయమనీ చెప్పి, తన దగ్గరున్న కరక్కాయను, ఇనుప గంటాన్ని, రాయిని ఇచ్చాడట.

ఇంతటి మనిషి ఎక్కడివాడో ఇంకా తేలలేదు. సింహళ చరిత్రలు బుద్ధగయ దగ్గర పుట్టాడంటాయి. బర్మా వాళ్లు తథోన్ మావాడు అంటారు. విసుద్ధిమగ్గం చివర ఆయన ఊరిగా మోరండఖేటకం అనే పేరు ఉంది. అది నెమలిగుడ్డు అనే అర్థమిచ్చే పేరు కాబట్టి కోటనెమలిపురికీ గుండ్లపల్లికీ చెందుతుందని వాదించిన పండితులున్నారు. కోటనెమలిపురి పల్నాడు జిల్లా రాజుపాలెం మండలంలో ఉంది. ఊరి పేరు తప్ప అక్కడ వేరే ఆధారమేదీ దొరకలేదు కనుక ఈ వాదనను పూర్తిగా ఒప్పుకోవడం కష్టం. బర్మా వాళ్ల వాదనకైనా ఇంతకన్నా గట్టి రుజువేమీ లేదు.