రోజ్‌మేరీ చెల్లెలు

నా చిన్నప్పుడు మా ఎదురింట్లో పెళ్లిచూపులంటే ముందుగా జరిగే పని ఒకటుండేది. పెద్దమ్మాయిని పెరటిగదిలో కూర్చోబెట్టి, చేతికి నాలుగు జంతికలిచ్చి, బయట గొళ్లెం పెట్టేవారు. ఆ పిల్లకి బుద్ధి ఎదగలేదు. మగపెళ్లివారి కంటబడితే చెల్లెలి సంబంధం తప్పిపోతుందని భయం. అందులో తప్పుందని మాకెవరికీ తోచనేలేదు సుమండీ!

ఇలాంటివి మనలాంటి వాళ్లిళ్లల్లోనే అనుకునేదాన్ని. అమెరికా అధ్యక్షుడు కెనెడీ ఇంట్లోనూ ఇదే కథ అని చదివి విస్తుపోయాను.

కెనెడీ పెద్దచెల్లెలు రోజ్‌మేరీ 1918లో పుట్టింది. చదువు అబ్బలేదుగానీ ఈత బాగా కొట్టేది. తనకన్నా దాదాపు మూడేళ్లు చిన్నదైన యూనిస్ ఈ అక్కని వెంటబెట్టుకుని తెరచాప పడవ నడిపేది. 1941లో, రోజ్‌మేరీకి ఇరవై మూడేళ్లప్పుడు, ఆవేశం తగ్గుతుందని తండ్రి ఆమె మెదడుకి ఆపరేషన్ చేయించాడు. అది వికటించి నడకా మాటా పోయాయి. తర్వాత విస్కాన్సిన్‌లో సన్యాసినులు నడిపే ఒక ఆశ్రమంలో ఉంచారు. ఇక ఎవరడిగినా ఏదో ఒక సాకు!

1962లో ఒకావిడ యూనిస్‌కి ఫోన్ చేసి, మా పిల్లని ఏ వేసవి శిబిరంలోనూ చేర్చుకోవడం లేదని వాపోయిందట. మన ఇంటికే తీసుకురమ్మంది యూనిస్. ఆ జూన్‌లో మేరీలాండ్‌లోని తన ఇంటి ఆవరణలోనే శిబిరం పెట్టేసింది. ముప్ఫై నలుగురు పిల్లలు, వాళ్లని చూసుకోడానికి ఇరవై ఆరుగురు కుర్రకారు. ఈత, గుర్రాలు, బంతాటలు. ఇంటి యజమానురాలు తనూ నీళ్లలోకి దిగి పిల్లలకి ఈత నేర్పింది. అదే సెప్టెంబరులో ఒక పత్రికలో వ్యాసం రాసి, మా అక్క ఇలాంటిదేనని లోకానికి చెప్పేసింది. అప్పటికి అన్నగారు అధ్యక్ష పదవిలో ఉన్నాడు. ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

దాదాపు అదే కాలంలో టొరంటోలో ఫ్రాంక్ హేడెన్ అనే పరిశోధకుడు ఇలాంటి పిల్లల్ని పరీక్షించాడు. వాళ్లకి సత్తువ లేకపోవడానికి కారణం బుద్ధిమాంద్యం కాదనీ, ఆడనివ్వకుండా కూర్చోబెట్టడమేననీ తేల్చాడు. ఇది చదివినప్పుడు నాకా పెరటిగది గొళ్లెం గుర్తొచ్చింది.

షికాగోలో ఆటలు నేర్పే ఆన్ అనే యువతి, మా ఊళ్లో పోటీలు పెడదామంటూ యూనిస్ సాయం కోరింది. అలా 1968 జులై 20న సోల్జర్ ఫీల్డ్‌లో మొదటి స్పెషల్ ఒలింపిక్స్ జరిగాయి. అమెరికాలోని 26 రాష్ట్రాల నుంచి, కెనడా నుంచి సుమారు వెయ్యిమంది వచ్చారు. అంత పెద్ద స్టేడియంలో చూసేవాళ్లు మాత్రం వేళ్లమీద లెక్కపెట్టేటంత మంది. యూనిస్ తమ్ముడు రాబర్ట్ హత్య జరిగి అప్పటికి ఆరు వారాలే. అయినా ఆవిడ వచ్చి పోటీలు ప్రారంభించింది.

ఈ పందేల పద్ధతి నాకు భలే నచ్చింది. ముందు అందరిచేతా ఒకసారి పరిగెత్తించి, ఇంచుమించు ఒకే వేగం ఉన్నవాళ్లని ఒక జట్టు చేస్తారు. పోటీ వాళ్లలో వాళ్లకే. మొదటి మూడు స్థానాలకి పతకాలు, ఎనిమిదో స్థానం దాకా రిబ్బన్లు. (పారాలింపిక్స్ వేరు. 2024లో పారిస్‌లో మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది అందులోనే.)

తర్వాతి రోజుల్లో యూనిస్ అక్కని తన ఇంటికి తెచ్చుకుని ఉంచుకునేది, ఇద్దరూ కలిసి ఈత కొట్టేవారు. 2005 జనవరిలో రోజ్‌మేరీ పోయినప్పుడు ఆ చెల్లెలు మంచం పక్కనే ఉంది.