వెలిసిన ఎరుపుకు మెరుగు: కలిగిరి మెట్టసీమ మీదుగా ఒక రంగుపని చరిత్ర

ఎరుపు వేసిన కారు కొన్నేళ్లు ఎండలో నిలిచాక గులాబిరంగులోకి, ఆపైన సుద్ద పూసినట్టుండే తెల్లదనంలోకి దిగజారుతుంది. దాన్ని గుడ్డతోనో యంత్రంతోనో రుద్ది మళ్లీ ఎర్రగా మార్చే పని మోటారు వాహనంతోనే పుట్టినట్టు కనిపిస్తుంది. అయితే ఆ పనిలో కలిసే రెండు విద్యలు, అంటే ఎరుపును తయారుచేసి నిలబెట్టే విద్య, పూతను రాపిడితో మెరిపించే విద్య, మోటారు కన్నా చాలా పాతవి, ఆ రెండింటి ముడిసరుకులూ తెలుగు నేలకు పరిచయమైనవే. వెలిగొండలకూ సముద్రతీరానికీ నడుమ ఉదయగిరి, వింజమూరు, కలిగిరి, ఆత్మకూరు ప్రాంతాలు పరచుకున్న పడమటి నెల్లూరు మెట్టసీమ నుంచి చూస్తే ఈ చరిత్ర మరింత స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ సీమకు తూర్పునా పడమరా ఎరుపునిచ్చే మొక్కలూ మానులూ ఉన్నాయి, నెత్తిన ఆ ఎరుపు వెలిసిపోయేలా చేసే ఎండ ఉంది.

ఊళ్లలో సున్నం కొట్టిన గోడల అడుగున, అరుగుల అంచున, గుడి ప్రాకారాల మీద నిలువు పట్టెలుగా కనిపించే జాజు ఇనుప ఆక్సైడు మట్టి. ఇనుము అప్పటికే గాలిలోని ఆమ్లజనితో పూర్తిగా కలిసిపోయి ఉండడం వల్ల ఎండకు అందులో మార్చడానికి మిగిలింది ఏమీ ఉండదు, కాబట్టి జాజు వానకు కరిగి కారిపోవచ్చుగానీ రంగు వెలియదు. ఇనుప గేట్లకు, కిటికీ చువ్వలకు తొలిపూతగా వేసే రెడ్ ఆక్సైడ్ ఈ జాతిదే. దీని లోపమల్లా ఒక్కటే: ఇది ఇటుకరంగును దాటి ప్రకాశించదు. పెళ్లిచీరలోనో కారు బానెట్ మీదనో మనుషులు కోరే ఎరుపు ఇది కాదు.

ఆ కోరిన ఎరుపు మొక్కల నుంచి వచ్చేది. కోరమండల తీరపు ఇసుకనేలల్లో పెరిగే చిరివేరు అనే చిన్న మొక్క వేళ్లలో అలిజరిన్ అనే రంగుద్రవ్యం ఉంటుంది. పటికతో సిద్ధం చేసిన నూలుబట్టను ఆ వేళ్ల కషాయంలో ఉడికిస్తే పటికలోని అల్యూమినియం ఆ రంగును దారానికి పట్టి ఉంచుతుంది, ఆ బట్ట ఉతికినా ఎండలో ఆరేసినా తొందరగా వెలియదు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలలో ఐరోపా వర్తకులను మచిలీపట్నం వంటి రేవులకు రప్పించిన కలంకారీ బట్టల ఎరుపు ఇదే. పడమట వెలిగొండ, పాలకొండ, శేషాచలం వంటి కొండల్లో పెరిగే ఎర్రచందనం రెండో వనరు. దాని చేవలోని సాంటలిన్ నీటిలో అంతగా కరగదుగానీ సారాయిలో సులువుగా కరుగుతుంది, అందుకే ఓడలెక్కి వెళ్లిన ఆ కలప ఐరోపాలో అద్దకాలకే కాక చెక్కసామాను మీద వేసే స్పిరిట్ వార్నిషులకు ఎర్రటి జీర తెప్పించడానికి కూడా వాడుకలోకి వచ్చింది. చిరివేరంతటి నిలకడ దీనికి లేదు; వెలుతురుకు ఇది పలచబడుతుంది. ఇలా వెలియని ఇటుకరంగు, నిలిచే నూలు ఎరుపు, మెరిసినా వెలిసిపోయే చెక్క ఎరుపు అనే మూడు రకాలూ మోటారు రాకముందే ఈ చుట్టుపక్కల తెలిసినవే.

1868లో బెర్లిన్‌లో కార్ల్ గ్రేబె, కార్ల్ లీబర్‌మాన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు తారు నుంచి తీసిన పదార్థంతో అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేయడంతో ఈ కథ మలుపు తిరిగింది. మరుసటి ఏడే దాని తయారీకి పేటెంట్లు వచ్చాయి, కొద్దికాలంలోనే వేళ్ల రంగుకు ప్రపంచ విపణిలో గిరాకీ పడిపోయింది. ఆ తరువాత తారు రసాయనాల నుంచే వరుసగా కొత్త ఎరుపులు పుట్టుకొచ్చాయి. 1905లో వచ్చిన టొలుయిడిన్ రెడ్ వాటిలో చవకైనది, కళ్లు జిగేలుమనిపించేది. బస్సులు, వ్యవసాయ యంత్రాలు, అగ్నిమాపక శకటాలు, ఇనుప డబ్బాలు ఇరవయ్యో శతాబ్దమంతా ఎర్రగా ఉండడానికి ఈ రంగూ దీని దాయాదులూ ముఖ్య కారణం.

మెరుగు పెట్టే విద్య మరో దారిన వచ్చింది. లక్కపురుగు చెట్లకొమ్మల మీద విడిచే బంకను శుద్ధి చేస్తే లక్క వస్తుంది. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కకడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, ఆపైన మొగలి ఆకును అదిమిపట్టి తిప్పితే ఆ పూత సమంగా పరచుకుని అద్దంలా తేరుతుంది. వేడి, ఒత్తిడి, సన్నని రాపిడి అనే మూడింటి కలయికే మెరుగు అన్న సూత్రం ఈ పనిలో సంపూర్ణంగా ఉంది. ఉదయగిరిలో గరిటెలూ చెంచాలూ చెక్కే పనివారిది ఇంకో పద్ధతి: అక్కడ పూత ప్రధానం కాదు, అడవికర్రనే నున్నగా తీర్చి దాని సహజ వర్ణాన్ని బయటపెడతారు. లక్కను సారాయిలో కరిగించి గుడ్డ ఉండతో పొరలు పొరలుగా రుద్దే స్పిరిట్ పాలిష్ ఐరోపాలో బీరువాలకు, పియానోలకు వ్యాపించింది. అమెరికాలో 1901లో ఫ్రాంక్ మెగ్యార్ అనే వ్యక్తి చెక్కసామాను కోసం మొదలుపెట్టిన పాలిష్ వ్యాపారమే తరువాత కార్ల పాలిష్‌కు పేరుమోసిన సంస్థగా మారడం యాదృచ్ఛికం కాదు. తొలినాటి కార్ల ఒంటికి వేసింది గుర్రపుబండికి వేసే వార్నిషే, కార్ల యజమానులు తెలిసిన వైద్యాన్నే కొత్త వస్తువుకూ చేశారు.

ఆ వార్నిషులు నూనెతో కాచినవి కావడం వల్ల ఒక్కొక్క పూత ఆరడానికి రోజులు పట్టేది, పూతకూ పూతకూ నడుమ ప్యూమిస్ అనే నురగరాయి పొడితో తడిగా రుద్దవలసి వచ్చేది, మొత్తం పని వారాల తరబడి సాగేది. 1921లో 3ఎం సంస్థ నీటిలో తడిపి వాడగల సాండ్‌పేపర్‌ను తెచ్చింది. తెలుగునాట రంగుపనివారు నేటికీ వాటర్ పేపర్ అనేది దీన్నే. 1923లో డ్యూపాంట్ సంస్థ జనరల్ మోటార్స్‌తో కలిసి డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకరును కార్లకు పరిచయం చేయగా, వారాల పని గంటల్లోకి కుదించుకుపోయింది. నైట్రోసెల్యులోజ్ అంటే నత్రికామ్లంతో మార్చిన పత్తినార. దాన్ని ద్రావకంలో కరిగించి గాలితో చిమ్మితే ద్రావకం ఎగిరిపోయి రంగుపొర మిగులుతుంది. అయితే చిమ్మిన డ్యూకో ఆరాక మసకగా, గరుకుగా ఉండేది. రబ్బింగ్ కాంపౌండ్ అనే రాపిడి ముద్దతో రుద్దితేగానీ మెరుపు వచ్చేది కాదు. అంటే ఆ కాలపు కారు రంగుకు మెరుగు తరువాత చేసే మరమ్మతు కాదు, తయారీలోనే ఆఖరి దశ. వెలిసిన ఎరుపును రుద్ది తిరిగి తేవచ్చన్న నమ్మకానికి పునాది ఇక్కడే పడింది. భారతదేశంలో డ్యూకో అన్న మాట ఒక కంపెనీ సరుకుకు కాక ఆ జాతి రంగులన్నిటికీ పేరై స్థిరపడింది, వడ్రంగులు సైతం బీరువాకు డ్యూకో వేయిస్తారు.

అన్ని రంగుల్లోనూ ఎరుపే ముందుగా ఎందుకు ఓడుతుందో చెప్పడం కష్టం కాదు. ఎర్రగా కనిపించే వస్తువు వెలుతురులోని నీలి, పచ్చ కిరణాలను మింగి ఎర్రటి కిరణాలను తిరగ్గొడుతుంది. నీలి కిరణాలలో, వాటి ఆవలి అతినీలలోహిత కిరణాలలో శక్తి ఎక్కువ కాబట్టి టొలుయిడిన్ వంటి సేంద్రియ రంగుల అణువుల బంధాలు ఆ శక్తికి తెగిపోతాయి. అదే సమయంలో రంగుపొడిని అంటిపెట్టుకుని ఉండే బంధకం, అంటే పూతలోని రెసిను, పైపైన శిథిలమై సన్నని పొడిగా రాలడం మొదలవుతుంది. ఈ రెండో మార్పే కంటికి పెద్దది: గరుకుబారిన ఉపరితలం తెల్లటి వెలుతురును నలుదిక్కులా చెదరగొట్టడంతో అడుగున ఎరుపు ఉన్నా పైన పాలపొర కప్పినట్టు కనిపిస్తుంది. నీళ్లు చల్లగానే అలాంటి కారు క్షణకాలం మళ్లీ ఎర్రబడుతుంది, ఎందుకంటే నీరు ఆ గుంతలను నింపి ఉపరితలాన్ని నునుపు చేస్తుంది. నీళ్లకు రంగు తేలిందంటే మెరుగుకూ తేలుతుందనడానికి అదొక గుర్తు.

కలిగిరి పదిహేనో ఉత్తర అక్షాంశానికి కొద్దిగా దిగువన ఉంది. ఏప్రిల్ చివర, మే మొదటి రోజుల నడుమ ఒకసారి, ఆగస్టు నడుమ మరోసారి మధ్యాహ్న సూర్యుడు అక్కడ నేరుగా నడినెత్తికి వస్తాడు; మొదటిది మెట్ట వేసవి నడిబొడ్డున పడుతుంది. ఈ కారణంగానే వెలవడం వాహనమంతటా సమానంగా ఉండదు: పైకప్పు, బానెట్, డిక్కీ మూత ముందుగా తెల్లబడతాయి, తలుపుల కింది భాగం ఏళ్ల తరబడి కొత్తదిలా ఉంటుంది.

ఈ సీమలో చాలాకాలం జనం ఎక్కువగా చూసిన ఎరుపు కారుది కాదు. 1932 జూన్‌లో 27 బస్సులతో నిజాం రాష్ట్రంలో మొదలైన ప్రభుత్వ రవాణా శాఖ వారసత్వంతో 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ బస్సులు కొన్ని దశాబ్దాల పాటు ఎర్రబస్సులుగానే పేరుపడ్డాయి. పల్లెటూరివాడిని ఎగతాళి చేయడానికి పట్నవాసులు ఎర్రబస్సు అన్న మాటనే వాడుకున్నారు, ఎగతాళి పోయినా మాట మిగిలింది. మద్రాసు కేంద్రంగా 1960లో స్థాపితమైన టాఫే తయారుచేసిన మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లూ ఎర్రనివే. కార్లు మాత్రం తక్కువ, అందులో ఎర్రవి మరీ తక్కువ: 1957 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్ ఎక్కువగా తెల్లగానో నల్లగానో తిరిగింది. ఎర్ర కారు మామూలు కుటుంబాల వాకిట్లోకి రావడానికి 1983లో మొదలైన మారుతి 800 దాకా ఆగవలసి వచ్చింది.

ఆ కార్లకు మెరుగు పెట్టే పని నెల్లూరు, విజయవాడ వంటి చోట్ల ఆటోనగర్ల టింకరింగ్ షాపుల్లో, అంటే రేకు సొట్టలు తీసి రంగువేసే కొట్లలో, రంగుపనికి అనుబంధంగా సాగింది. మొదటి మెట్టు పరీక్ష: కంటబడని మూల కొద్దిగా పాలిష్ రాసి తెల్లగుడ్డతో రుద్దితే గుడ్డ ఎర్రబడాలి. ఎర్రబడిందంటే పైన ఉన్నది రంగుపూతే, దానిపై వేరే పొర లేదు. ఆపైన కారును కడిగి, మట్టిరేణువు ఒక్కటి మిగిలినా గీతలు పడతాయి కాబట్టి తుడిచి, నీడలో చల్లారనిచ్చి పని మొదలుపెడతారు. పూత బాగా గరుకుబారి ఉంటే 1500 లేదా 2000 నంబరు వాటర్ పేపర్‌ను సబ్బునీళ్లలో తడిపి తేలికగా రుద్దుతారు. లేకుంటే నేరుగా కాంపౌండ్. కాంపౌండ్‌లోని అల్యూమినియం ఆక్సైడు, కెంపుకూ కురువిందానికీ మూలమైన పదార్థమే, రాపిడిలో తానూ సన్నబడుతూ మృతరంగును కోసుకుపోతుంది. ఎండిపోయిన పాత ఎరుపు మీద నూనెపాలు ఎక్కువున్న పాలిష్‌ను ముందు దట్టంగా పట్టించి నాననివ్వడం అనుభవజ్ఞుల పద్ధతి. దాహంతో ఉన్న పూత ఆ నూనెను పీల్చుకుని, తరువాతి రాపిడికి పగుళ్లివ్వకుండా తట్టుకుంటుంది. చివర బ్రెజిల్ తాటిజాతి ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం వంటి రక్షణపూత వేస్తారు.

ఇందులో నేర్పంతా ఎక్కడ ఆపాలో తెలియడంలోనే ఉంది. కారు మీది పూతలన్నీ కలిపి మిల్లీమీటరులో పదోవంతు మందానికి అటూఇటూగా ఉంటాయి, అందులో పై రంగు సగం కూడా ఉండకపోవచ్చు. అంచుల దగ్గర, రేకు మడతల మీద రంగు సహజంగానే పలచన. యంత్రపు ఉన్నిచక్రం అక్కడ క్షణం ఎక్కువ నిలిచినా వేడికి పూత కాలి అడుగుపూత బయటపడుతుంది. స్థానికంగా మళ్లీ రంగు వేయించిన బళ్లలో ఆ అడుగుపూత తరచు రెడ్ ఆక్సైడ్ కావడంతో ఎర్ర కారు మీద ఆ నష్టం తొలిచూపులో తెలియదు కూడా. సిలికోన్ కలిసిన పాలిష్‌లంటే రంగుపనివారికి గిట్టకపోవడానికీ కారణముంది: దాని ఆనవాలు మిగిలిన రేకు మీద తరువాత రంగు చిమ్మితే పూత చిన్నచిన్న గుంటలుగా విడిపోతుంది.

ఈ వృత్తిని మార్చింది పాలిష్‌లో వచ్చిన అభివృద్ధి కాదు, రంగులోనే వచ్చిన మార్పు. 1958లో క్వినాక్రిడోన్, 1986లో డీపీపీ అనే కొత్త ఎరుపులు విపణిలోకి వచ్చాయి. రెండోది ఫెరారీ కార్ల ఎరుపుగా ప్రసిద్ధమైంది. ఇవి ఎండకు టొలుయిడిన్ కన్నా ఎన్నో రెట్లు తట్టుకుంటాయి. ఆపైన 1970, 80 దశకాల నుంచి రంగుపూత మీద రంగులేని పారదర్శకమైన పూత, అంటే క్లియర్ కోట్, వేసే పద్ధతి వ్యాపించింది. మెటాలిక్, పెర్ల్ రంగులకు అది తప్పనిసరి అయింది, సాదా ఎరుపులు కొంతకాలం ఒకే పూతగా కొనసాగాయి. పెర్ల్ రంగుల్లో మెరిసేది టైటానియం ఆక్సైడు పూసిన అభ్రకపు రేకులు. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి ప్రాంతాలలో విస్తరించిన అభ్రకపు గనుల వల్ల నెల్లూరు ప్రాంతానికి ఆ ఖనిజం చిరపరిచితం. అయితే ఆ గనుల అభ్రకం పేరు గడించింది విద్యుత్ పరికరాలలో నిరోధకంగానే.

క్లియర్ కోట్ ఉన్న ఎర్ర కారును రుద్దితే గుడ్డకు తెల్లటి పొడి అంటుతుందిగానీ ఎరుపు అంటదు. ఆ పైపూత మసకబారినంతవరకే పాలిష్ పనిచేస్తుంది; అది పొట్టులేచి ఊడడం మొదలైతే ఎంత రుద్దినా ప్రయోజనం లేదు, ఆ భాగాన్ని గీకి మళ్లీ రంగు వేయవలసిందే. నేడు మెట్ట ఊళ్లలో పాత పద్ధతికి లొంగే ఎరుపు ప్రధానంగా పాత ట్రాక్టర్ల మీద, ఇంకా నడుస్తున్న కొన్ని తొలితరం మారుతుల మీద మిగిలి ఉంది. అలాంటి బండి ఉన్నవారు పని ఒప్పుకునే ముందు తెల్లగుడ్డ పరీక్ష తమ కళ్లెదుట చేయించుకోవడం, ఇదివరకు ఎన్నిసార్లు మెరుగు పట్టించారో పనివాడికి చెప్పడం అవసరం, ఎందుకంటే రుద్దిన ప్రతిసారీ పూత కొంత తరిగే ఉంటుంది.