పేట దాకా రాని తీగ: గోదావరి డెల్టాలో స్థానిక నిధులు, దళితులు

స్థానిక స్వపరిపాలన చరిత్రను మన యూనివర్సిటీల్లో చట్టాల వరసగా చెప్తారు. 1882 రిప్పన్ తీర్మానం, 1884 మద్రాసు లోకల్ బోర్డుల చట్టం, 1920 చట్టం, 1959లో పంచాయతీ సమితులు, 1986లో మండలాలు, 1993లో 73వ రాజ్యాంగ సవరణ, 1994 పంచాయతీరాజ్ చట్టం. మేమూ ఇవన్నీ బట్టీపట్టి పరీక్షలు రాసినవాళ్ళమే. మా ఇళ్ళల్లో మాకు ముందు కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు గనక, ఈ వరసని ఎదురు ప్రశ్నించవచ్చునని చాలాకాలం మాకు తోచలేదు. ప్రశ్న చిన్నదే. ఈ చట్టాల కింద వసూలైన డబ్బు ఊళ్ళో ఎక్కడిదాకా వెళ్ళింది, ఎక్కడ ఆగింది? డెల్టాలో పుట్టినవాళ్ళకి దీని జవాబు కంటికే కనపడుతుంది. రోడ్డు, మంచినీళ్ళ గొట్టం, కరెంటు తీగ, వీధిలైటు అన్నీ ఊళ్ళో మొదలవుతాయి. పేటవైపు వస్తూ వస్తూ ఎక్కడో ఆగిపోతాయి. ఇవాళ చాలాచోట్ల ఆ హద్దు ముందుకు జరిగింది, కాదనం. కాని దాన్ని మొదట గీసినవాళ్ళెవరన్నది చరిత్ర ప్రశ్నే.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువల వెంట భూములు మాగాణులయ్యాయి, సర్కారు శిస్తు పెరిగింది. లోకల్ బోర్డుల ఆదాయంలో పెద్ద వాటా భూమిశిస్తు మీద వేసిన సెస్సుది. దాని తర్వాత టోల్‌గేట్లు, రేవుల పాటలు. సెస్సు కట్టేది భూమి వున్నవాడు గనక బోర్డులో కూర్చునేదీ అతనే అన్నది ఆనాటి న్యాయం. వోటు హక్కు కూడా పన్నుని బట్టే వుండేది. కాని ఆ సెస్సు ఏ చేతులమీదుగా పుట్టింది? ఊడ్పులు ఊడ్చి, కోతలు కోసి, పూడికలు తీసిన మాల మాదిగల చేతులమీదుగా. రేవు దాటటానికి పడవకి డబ్బులిచ్చిన కూలీ కూడా బోర్డు ఖజానాకి తన వంతు కట్టినవాడే గదా! పన్నుదార్ల జాబితాలో మాత్రం అతను లేడు.

1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మొదటి ఆది ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ తర్వాత మూడేళ్ళకే 1920 చట్టం వొచ్చింది. బోర్డుల పెత్తనం అధికార్ల చేతినుంచి ఎన్నికైన స్థానిక పెద్దల చేతికి మారటం మొదలైంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1921లో, రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న గారు 'మాకొద్దీ నల్లదొరతనము' వెలువరించారు. సాహిత్య చరిత్రకారులు దాన్ని గరిమెళ్ళ పాటకి జవాబుగానే చదువుతారు. బోర్డుల చరిత్ర పక్కన పెట్టుకుని చదివితే ఇంకో సంగతి కనపడుతుందని మా అభిప్రాయం. నల్లదొర అంటే రేపెప్పుడో స్వరాజ్యం వొచ్చాక పుట్టబోయే మనిషి కాదు. రోడ్డు ఎటు వెయ్యాలో, బడి ఎక్కడ పెట్టాలో, బావి ఎవరి వాకిట్లో తవ్వాలో తేల్చటానికి అప్పటికే కుర్చీలో కూర్చుంటున్న మనిషి.

1924లో మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్లో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం తెచ్చారు. ప్రభుత్వ బావులు, రోడ్లు, సత్రాలు అన్ని కులాలకూ తెరవాలన్నది దాని సారాంశం. తీర్మానం నెగ్గింది. అదే ప్రభుత్వపు లేబర్ శాఖ అదే కాలంలో అంటరాని కులాలకి విడిగా బావులు తవ్వించింది, విడిగా బడులు పెట్టించింది. తీర్మానంలో ఉమ్మడి బావి, బడ్జెట్టులో విడి బావి. విడి బావైనా దొరికింది గదా అని మన పెద్దలు సంతోషించి వుంటారు. వాళ్ళని తప్పు పట్టే ధైర్యం మాకు లేదు, దాహం వాళ్ళది. అయితే ఏ ప్రభుత్వాన్నైనా తీర్మానంలో కన్నా పద్దులో వెతకాలన్న సంగతి మేము నేర్చుకున్నది ఇక్కడే. మహారాష్ట్రలోని మహద్‌లోనూ ఇంతే. మహద్ మునిసిపాలిటీ 1924లో చౌదార్ చెరువుని అందరికీ తెరుస్తూ తీర్మానించింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వెళ్ళి నిజంగానే దోసిట్లో నీళ్ళు తీసుకునేసరికి, ఆ ఆగస్టులో అదే మునిసిపాలిటీ తన తీర్మానాన్ని రద్దు చేసుకుంది. చివరికి 1937లో బొంబాయి హైకోర్టు తేల్చాల్సి వొచ్చింది. స్థానిక సంస్థల పేరెత్తితే అంబేద్కర్ ఎందుకంత అనుమానంగా మాట్లాడారో తెలియాలంటే 1948 రాజ్యాంగ సభ ప్రసంగం వొక్కటే చదివితే చాలదు. 1932లో బొంబాయి కౌన్సిల్లో గ్రామ పంచాయతీల బిల్లు మీద ఆయన మాట్లాడింది కూడా చదవాలి.

1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో నెహ్రూ మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ని ప్రారంభించారు. సమితుల్లో దళితులకి కోఆప్షన్ సీటు వొచ్చింది. కోఆప్ట్ అయినవాడు తనని కోఆప్ట్ చేసినవాళ్ళకి ఎదురు ఎలా మాట్లాడతాడు? ఇక్కడ మన ప్రాంతపు మనిషి ఒకర్ని తలుచుకోవాలి. బయ్యా సూర్యనారాయణ మూర్తి గారు, డెల్టా నుంచి పార్లమెంటుకి వెళ్ళిన దళిత నాయకుడు. 1962లో అమలాపురం నుంచి గెలిచారు. 1960ల మొదట్లో కేంద్రంలో ఆయన ఉపమంత్రిగా వున్నది సమాజాభివృద్ధి శాఖలోనే. అంటే పంచాయతీరాజ్‌ని దేశమంతా నడిపించాల్సిన శాఖలో మన పేట మనిషి వున్నాడు. అదే కాలంలో మన పేటలోకి సమితి రోడ్డు రాలేదు. 1987లో జి.ఎం.సి. బాలయోగి తూర్పుగోదావరి జిల్లా ప్రజాపరిషత్ అధ్యక్షుడయ్యారు, 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. యానాం, ఎదుర్లంకల మధ్య గోదావరి మీద ఆయన పేరుతో వారధి వుంది. పంటు మీద దాటిన రోజులెరిగినవాళ్ళకి ఆ వారధి విలువ తెలుసు. అయితే వొక మనిషి కుర్చీ ఎక్కటం వేరు, కుర్చీ కింద లెక్కల పుస్తకం చేతికి రావటం వేరు.

ఈ మాట మా ఇంటి అనుభవంతో అంటున్నాం. 73వ సవరణ తర్వాత రిజర్వు అయిన వార్డులో మా అమ్మ ఒక టర్మ్ మెంబరుగా వుంది. ఆ అయిదేళ్ళల్లో మినిట్స్ పుస్తకం మా ఇంటికి చాలాసార్లు వొచ్చింది, మీటింగుకి పిలుపు మాత్రం ఎప్పుడోగాని రాలేదు. పంచాయతీ బంట్రోతు సాయంత్రంపూట పుస్తకం తెచ్చి, "ఇక్కడ పెట్టండమ్మా సంతకం, ప్రెసిడెంటు గారు చెప్పారు" అనేవాడు. అమ్మ వొత్తులు తెలియకుండా రాసినా పేరు పూర్తిగా రాసేది. పైన కాయితం ఖాళీగా వుండేది. ఏం రాస్తారని ఒకసారి అడిగింది. "మీకెందుకమ్మా, అందరికీ మంచిదే" అన్నాడు. ఆ ఏడు చేపల చెరువు పాట డబ్బులు ఎటు పోయాయో అమ్మకి తెలియదు. ఆ తీర్మానం కింద అమ్మ సంతకం వుంది.

మండల, జిల్లా పరిషత్తుల సాధారణ నిధుల్లో 15 శాతం ఎస్సీలకి, 6 శాతం ఎస్టీలకి, 15 శాతం స్త్రీ శిశు సంక్షేమానికి కేటాయించాలన్న నియమం వుంది. ఇది ఎందరు మెంబర్లకి తెలుసు? ఖర్చు కాలేదని మిగలబెట్టటం, కాకపోతే అందరూ నడిచే రోడ్డులో కలిపెయ్యటం దీన్ని తప్పించే పాత దార్లు. కింది స్థాయిలో జరిగేది పై స్థాయిలోనూ జరుగుతుంది. 2010లో ఢిల్లీ ప్రభుత్వం దళితుల స్పెషల్ కాంపొనెంట్ ప్లాన్ నుంచి సుమారు 744 కోట్లు కామన్వెల్త్ క్రీడలకి మళ్ళించిన సంగతి బయటపడింది. మన దగ్గర దీర్ఘ పోరాటం తర్వాత 2013లో సబ్‌ప్లాన్ చట్టం వొచ్చింది. 2023లో దాన్ని మరో పదేళ్ళు పొడిగించారు. చట్టం మంచిదే. కాని విడదీయటానికి వీలులేని పనుల్లో కొంత భాగాన్ని ఎస్సీల ఖాతాలో రాసుకునే దారి అందులోనే వుంది.

2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాయి. కోనసీమకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. పేరు కోసం నిలబడ్డాం, నిలబడాల్సిందే. అయితే జిల్లాలు మారినా జిల్లా పరిషత్తులు అప్పుడు మారలేదు, పాత 13 జిల్లాల లెక్కనే కొనసాగాయి. అంటే అంబేద్కర్ పేరున్న జిల్లా దళితుల వాటా లెక్క కాకినాడ ఆఫీసులోనే వుండిపోయింది. అక్కడికి వెళ్ళి ఆ లెక్క అడిగినవాళ్ళు మాకు తక్కువ కనపడ్డారు. ఆ తక్కువలో మేమూ లేము.

ఇప్పుడు కరెంటు సంగతి. 1988-89లో కుటీర్ జ్యోతి పథకం పేద ఇంటికి ఒక్క బల్బు ఇచ్చింది. అప్పటికే డెల్టాలో రైసుమిల్లులు కరెంటు మీద నడుస్తున్నాయి. తర్వాత రొయ్యల చెరువులొచ్చాయి. ఏరియేటర్లకి యూనిట్ రూపాయిన్నరకే కరెంటు ఇచ్చారు, చెరువు పక్క పేటలో తాగేనీళ్ళు ఉప్పుబారాయి. 73వ సవరణతో వొచ్చిన పదకొండో షెడ్యూలులో పంచాయతీల పరిధికి తగిన 29 అంశాలున్నాయి. అందులో 14వది గ్రామీణ విద్యుదీకరణ, 15వది సంప్రదాయేతర ఇంధన వనరులు. అంటే సూర్యుడి మీద, ఊకపొట్టు మీద పుట్టే కరెంటు గురించి పంచాయతీ నిర్ణయించవచ్చునని రాజ్యాంగం 1993 నుంచీ చెప్తూనే వుంది. నిర్ణయాలు విశాఖలో డిస్కం ఆఫీసులో జరుగుతాయి. పంచాయతీకి మిగిలింది బిల్లు. 2021 చివర్లో గ్రామపంచాయతీల ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధుల్ని విద్యుత్ బకాయిల కింద డిస్కంలకి మళ్ళించినప్పుడు సర్పంచులు రోడ్డెక్కారు. ఆ సర్పంచుల్లో రిజర్వు సీట్లలో గెలిచిన దళిత స్త్రీలూ వున్నారు. కుర్చీ వాళ్ళకి వొచ్చేసరికి ఖాతా ఖాళీ అయింది.

2024లో కేంద్రం ఇళ్ళ కప్పుల మీద సోలార్ పలకలకి పీఎం సూర్యఘర్ పథకం పెట్టింది. ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకి 2 కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టిస్తామని రాష్ట్రప్రభుత్వం చెప్పింది. ఇది మేము ఎగతాళి చేసే విషయం కాదు. తీగ కోసం ఊరి దయమీద ఆధారపడ్డ పేటకి తన కప్పుమీదే కరెంటు పుట్టటం చిన్న సంగతి కాదు. కాని 2 కిలోవాట్లకి దాదాపు 200 చదరపు అడుగుల గట్టి కప్పు కావాలి. ఇల్లు తనదై వుండాలి. డెల్టాలో కాలువ గట్ల మీద, డ్రెయిన్ల వార, పుంతల్లో బతికే వేల కుటుంబాలకి ఇల్లుంది, మీటరుంది, పట్టా లేదు. గట్టు ఇరిగేషన్ శాఖది. ఇంటిపన్ను మాత్రం పంచాయతీ వసూలు చేస్తుంది.

మా పిన్ని ఇల్లు అలాంటి గట్టు మీదే వుంది. పైన సగం రేకు, సగం తాటాకు. ఇరవయ్యేళ్ళ ఇంటిపన్ను రసీదుల్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకుంది. ఈ వ్యాసం రాస్తూ వాటిని ఏడాదివారీగా పేర్చి జిరాక్సు తీయించాం. వొచ్చే గ్రామసభలో ముందు ఆ కట్టని బల్లమీద పెట్టించి, తర్వాత మినిట్స్ పుస్తకంలో పిన్ని సంతకం పెట్టే పేజీ మీద ఏం రాశారో బయటికి చదవమని అడగాలనుకుంటున్నాం.