ముడులు తగ్గిన తివాచీ

1679లో ఒక ఇంగ్లీషు దొర మద్రాసు నుంచి ఉత్తర దిక్కుగా తనిఖీకి బయల్దేరాడు. పేరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్. సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ వ్యవహారాలకు పెద్ద. బందరు వైపు సాగిన ఆ ప్రయాణంలో ఏలూరు చూశాడు, చూసింది చూసినట్టు దినచర్యలో రాసుకున్నాడు. ఈ దేశంలోని పెద్ద ఊళ్ళలో ఇదొకటని, పారశీక పద్ధతిలో మేలురకం తివాచీలు ఇక్కడ నేస్తారని రాశాడు. నేసేవాళ్ళ పూర్వీకులు పర్షియా నుంచి వచ్చి అప్పటికే నూరేళ్ళు దాటిందని వాళ్ళే ఆయనకు చెప్పారట.

నేత ఎలా సాగుతుందో కూడా ఆయన దగ్గర నిలబడి చూశాడు. మగ్గం నిలువుగా ఉంటుంది. పడుగు నూలుది. దాని మీద రంగురంగుల ఉన్నిపోగులతో ముడులు వేసేది ఎనిమిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ వయసు పిల్లలు. తివాచీకి వెనకవైపు ఒక పెద్దమనిషి కాగితం మీద గీసిన నమూనా పట్టుకుని నిలబడతాడు. ఏ రంగు పోగు ఎంత వెయ్యాలో ఆయన చెబుతుంటే పిల్లలు వేసుకుంటూ పోతారు. ఒక్కో వరస అయ్యాక కత్తెరతో చివళ్ళు సమం చేసి పై వరసకు వెళతారు.

ఏలూరు తివాచీ మంచి రోజుల గురించి కళ్ళారా చూసినవాళ్ళు రాసిపెట్టినవి చాలా తక్కువ. ఈ నాలుగు మాటలు వాటిలో ముఖ్యమైనవి. ఆ తరవాత జరిగిన పతనమంతా ఆ దృశ్యంలో ఉన్న ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది: మగ్గం వెనక కాగితం పట్టుకుని నిలబడ్డది ఎవరు? 1679లో అక్కడ నిలబడ్డవాడు ఆ ఊరి పనివాడే. ఏ పువ్వు ఎక్కడ విచ్చుకోవాలో, ఎన్ని ముడులు పడితే ఆ రేకు వంపు తిరుగుతుందో అతనికి తెలుసు. ఆ చోటులోకి మరొకరు వచ్చి నిలబడిన నాటి నుంచి తివాచీకి కీడు మొదలైంది.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో బందరు పెద్ద రేవు. పదిహేడో శతాబ్దం తొలి ఏళ్ళలో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు అక్కడ వర్తకం పెట్టారు. అద్దకపు బట్టలు, వజ్రాలతో పాటు తివాచీలూ ఓడలెక్కాయి. జపాన్‌లో క్యోటో నగరంలో ఏటా జులైలో గియోన్ ఉత్సవం జరుగుతుంది. ఆ ఊరేగింపులో పెద్ద పెద్ద రథాలకు పాతకాలపు విదేశీ తివాచీలు కట్టి అలంకరిస్తారు. డచ్చి ఓడల్లో అప్పట్లో చేరిన ఆ తివాచీల్లో కొన్నిటిని దక్కన్‌లో నేసినవిగా పరిశోధకులు గుర్తించారు. నేసినవాడి సంతకం ఏ తివాచీ మీదా ఉండదు కాబట్టి ఫలానా మగ్గం మీద పుట్టిందని చెప్పే వీల్లేదు. అయినా మన వైపు గొర్రెల ఉన్ని, మన వైపు పిల్లల వేళ్ళు అక్కడి వీధుల్లో ఇప్పటికీ ఊరేగుతున్నాయి.

1766లో నిజాం ఉత్తర సర్కారులను ఇంగ్లీషువాళ్ళకు ధారాదత్తం చేశాడు. వాటిలో ఏలూరు సర్కారు ఒకటి. నవాబుల కొలువులు, దివాణాలు చిక్కిపోయిన కొద్దీ నిలకడగా కొనే ఇళ్ళు తగ్గాయి. కొనుగోలుదారు ఇక సముద్రం అవతల ఉన్నాడు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఏలూరు తివాచీలు కూడా వెళ్ళాయి. చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. మెచ్చుకోలు వెంట ఆర్డర్లు వచ్చాయి. ఆర్డర్ల వెంట ఒక షరతు వచ్చింది: ఇదే సరుకు, ఇంకొంచెం చవగ్గా.

చవక అనేది తివాచీలో ఎలా చొరబడుతుందో చెప్పాలంటే మగ్గం దగ్గరికే రావాలి. ఇది బట్టలాగా సర్రున సాగే నేత కాదు. పడుగు పోగులు రెండింటికి ఉన్నిపోగు చుట్టి ముడి వెయ్యాలి, తెంచాలి, పక్క ముడికి పోవాలి. వరస నిండాక పేక దూర్చి, పళ్ళున్న దువ్వెనతో గట్టిగా దిగ్గొట్టాలి. చదరపు అంగుళానికి నూరు ముడులు అనుకుందాం. చదరపు అడుగుకు 14,400 అవుతాయి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మామూలు తివాచీకి 3,45,600 ముడులు. ప్రతి ముడీ చేత్తో వెయ్యాల్సిందే. దగ్గరదారి లేదు.

దగ్గరదారి లేని పనిలో ధర తగ్గించమంటే పనివాడు తగ్గించగలిగినవి మూడే: రంగు, పోగు, ముడి. ఏలూరు, బందరు ప్రాంతపు తివాచీల నుంచి ఈ మూడూ ఒక్కొక్కటే జారిపోయాయి.

మొదట రంగు పోయింది. నీలిమందు, లక్క, మంజిష్ఠ వంటి వాటితో ఉన్నికి రంగెక్కించడం రోజుల తరబడి సాగే పని. నీళ్ళ గుణం, మంట, నానే గడియలు అన్నీ రంగులవాడి అంచనాలో ఉంటాయి. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే కుర్రాడు బొగ్గుతారు సరుకుల నుంచి రంగు తీశాడు. ఆ తరవాత కొన్నేళ్ళకే పొట్లాల్లో వచ్చే రంగులు మన బజార్లకు చేరాయి. నీళ్ళు కాచి కలిపితే చాలు. తొలినాటి ఆ రంగులు చూడ్డానికి కళ్ళు చెదిరేట్టు ఉండేవి, ఎండ తగిలితే వెలిసిపోయేవి. తరవాతి కాలంలో నిలిచే కృత్రిమ రంగులు కూడా వచ్చిన మాట నిజమే. అయితే అవి వచ్చేసరికి వేళ్ళతో, బెరళ్ళతో రంగు కాచే ఇళ్ళలో పొయ్యిలు ఆరిపోయాయి.

తరవాత పోగు. భారతీయ హస్తకళల మీద 1880లో పుస్తకం అచ్చేసిన జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఇంగ్లీషు అధికారి బందరు తివాచీల గురించి బాధపడుతూ రాశాడు. ఒకప్పుడు దేశంలోకెల్లా మేలైన వాటిలో చేరినవి ఇంగ్లండు గిరాకీ వల్లే చెడిపోయాయని ఆయన మాట. దిగుమతిదారులు తామే చవకరకం సరుకు ఇచ్చి, దాంతోనే నెయ్యమని పట్టుబట్టారు. తివాచీ వెన్నులోకి ఇంగ్లండు దారం వచ్చింది. ఒక్క కట్టుబాటు సడలిన తరవాత మిగిలినవి ఆగలేదు. ఉత్తరాదిన ఆగ్రా, లాహోర్ జైళ్ళ నుంచి, పుణె దగ్గరి ఎరవాడ నుంచి, మన మద్రాసు రాజధానిలో వెల్లూరు నుంచి ఖైదీలు నేసిన తివాచీలు బజారుకు వచ్చాయి. కూలి అక్కర్లేని చేతులతో కూలికి నేసే చేతులు పోటీ పడాల్సి వచ్చింది.

చివరికి ముడి. చదరపు అంగుళానికి నూరు బదులు యాభై వేస్తే అదే తివాచీకి 1,72,800 ముడులతో పని అయిపోతుంది. సైజు అంతే, పువ్వు అంతే. ఉన్ని కాస్త పొడుగ్గా వదిలితే మధ్యలోని వెలితి కనిపించదు. కానీ రేకు వంపు మెట్లుమెట్లుగా విరుగుతుంది, తీగ సన్నదనం పోతుంది, నాలుగేళ్ళ తొక్కుడికి మడమ పడ్డచోట పడుగు బయటపడుతుంది. అది చూసి కొన్నవాడు, ఏలూరు సరుకు ఇదివరకటిలా లేదన్నాడు. తగ్గించమన్నదీ ఆ వర్తకుల లోకమే, తగ్గిందని పేరు పెట్టిందీ అదే.

1908లో మద్రాసు ప్రభుత్వం దక్షిణాది తివాచీ నేత మీద హెన్రీ టి. హ్యారిస్ చేత ప్రత్యేకంగా ఒక పుస్తకం రాయించి అచ్చువేసింది. దొరతనంవారు ఒక చేతిపని మీద బొమ్మలతో సహా పుస్తకం వెయ్యడం గౌరవమే. కానీ అప్పటికే ఆ పనికి వైద్యుడు అవసరమయ్యాడని కూడా దాని అర్థం.

స్వాతంత్ర్యం వచ్చాక మగ్గాలు మాయం కాలేదు. ఏలూరులో తంగెళ్ళమూడి వైపు ముస్లిం ఇళ్ళలో తివాచీ నేత తరాల పాటు సాగింది. ఎగుమతులూ జరిగాయి, ప్రభుత్వ హస్తకళల సంస్థ నడిపే లేపాక్షి దుకాణాల్లో అమ్మకాలూ జరిగాయి. కానీ మగ్గం వెనక నిలబడేవాడు మారిపోయాడు. నమూనా, ఉన్ని, గడువు, అన్నీ ఎగుమతిదారు పంపేవి. నేసేవాడికి మిగిలింది చదరపు అడుగుకు ఇంత అనే కూలి. అడుగు లెక్కన కూలి కట్టిన చోట ముడులు ఎక్కువ వేసేవాడు నష్టపోతాడు, పని తెలిసినవాడు తెలియనివాడి కంటే వెనకబడతాడు. నేర్పును నిలబెట్టే లెక్క కాదిది.

1979లో ఇరాన్‌లో విప్లవం వచ్చి, తరవాత 1987లో అమెరికా ఆ దేశపు సరుకులను ఆపేసినప్పుడు ప్రపంచపు బజారు ఇటువైపు తిరిగింది. ఆ గాలి ప్రధానంగా ఉత్తరప్రదేశ్‌లోని భదోహి, మిర్జాపూర్‌ల వైపు వీచింది. అక్కడ ఒక ప్రాంతమంతా అదే పని: నూలు, రంగు, కడుగుడు, ఎగుమతి పక్కపక్కనే. ఏలూరులో మగ్గం ఒక్కటే ఉంది. దాని చుట్టూ ఉండాల్సిన రంగులవాళ్ళు, నూలువాళ్ళు, నమూనా గీసేవాళ్ళు ఏనాడో చెల్లాచెదురయ్యారు. ఒక చేతివృత్తి ఒంటరిగా బతకదు. పక్క వృత్తులు పోయాక దాని ఊపిరి ఎన్నాళ్ళో నిలవదు. ఆ పైన తుపాకిలాంటి పనిముట్టుతో ఉన్ని గుచ్చి, వెనక రబ్బరుపాలు పూసి అతికించే తివాచీలు వచ్చాయి. పై నుంచి చూస్తే తేడా తెలియదు. ముడి లేని తివాచీ ముడి వేసినదాని ధరను కిందికి లాగింది.

పాత రోజులను తలుచుకుని వగచేటప్పుడు మాస్టర్ చూసిన పిల్లలను మరిచిపోకూడదు. సన్నని ముడికి సన్నని వేళ్ళు కావాలన్న మాట మీదే ఈ కళ వందల ఏళ్ళు నడిచింది. 1986 బాలకార్మిక చట్టం తివాచీ నేతను పిల్లలు చెయ్యకూడని పనుల జాబితాలో పెట్టింది. పెట్టడం న్యాయం. పొద్దస్తమానం వంగి కూచునే ఆ నేతలో నడుములు, కళ్ళు పోతాయి. ఉన్నినూగు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. పిల్లవాడి బాల్యం ఖరీదు కలపకుండా కట్టిన ధర అసలు ధరే కాదు. ఆ ఖరీదు పెద్దవాళ్ళ కూలి రూపంలో చేరాల్సిన రోజు వచ్చినప్పుడు కొనేవాడు ముఖం తిప్పుకున్నాడు. తండ్రులు కూడా కొడుకులను మగ్గం దగ్గరికి రానివ్వలేదు. అది వృత్తికి ద్రోహం అనలేం, బిడ్డ మీద దయ.

ఆ బిడ్డలకు పిలుపు ఊరికి దక్షిణాన ఉన్న కొల్లేటి సరస్సు నుంచి వచ్చింది. చేపల చెరువులు లేచాయి. పట్టుబడి, ఐసు, ప్యాకింగు, లారీలు, కలకత్తా బజారు: పని ఏదైనా సాయంత్రానికి కూలి చేతిలో పడుతుంది. ముడులు లెక్కపెట్టుకుని నెలల తరవాత వచ్చే డబ్బు దాని ముందు ఏపాటి? అయితే కొల్లేటి సొంత చేతిపనులూ అక్కడ నిలవలేదు. తాటిమాను తొలిచి చేసే దోనెల పక్కకు ఫైబరు పడవలు వచ్చాయి. చేత్తో అల్లి తుమ్మచెక్క కషాయంలో ముంచే నూలు వలల స్థానంలో ఫ్యాక్టరీ నైలాను వలలు వచ్చాయి. 2006లో ప్రభుత్వం అభయారణ్యంలోని చెరువు గట్లు పగలగొట్టినప్పుడు దోనెలూ నూలు వలలూ తిరిగి రాలేదు. నేర్పు ఒక తరం దాటి తెగిపోతే గట్టు కొట్టినంత తేలిగ్గా వెనక్కి రాదు.

చేతిపనులను యంత్రం మింగిందని సులువుగా అనేస్తాం. ఏలూరులోనే ఆ మాటకు ఎదురు సాక్ష్యం ఉంది. వందేళ్ళు దాటిన శ్రీకృష్ణా జూట్ మిల్లు యంత్రాలతో నడిచినదే. గోనెసంచి నేసి, తరాల పాటు ఊరికి బువ్వ పెట్టింది. ప్లాస్టిక్ సంచి వచ్చాక దేశమంతటా జనపనార మిల్లుల పరిస్థితి కుదేలైంది. ధాన్యానికి గోనెసంచే వాడాలని 1987లో చట్టం చెయ్యాల్సి వచ్చిందంటే బజారు వాటిని ఎప్పుడో వదిలేసిందన్నమాట. అంటే ఇక్కడ యంత్రం కూడా ఓడిపోయింది. ఓడించింది దానికంటే చవకైన మరో సరుకు.

ఇక మిగిలిన నేర్పును నిలబెట్టే సంగతి. ఏలూరులో రైలెక్కితే గంట దూరంలో తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉంది. ఏలూరు మగ్గం మీది ముడుల వరసను లెక్కగట్టి భద్రపరచడం అలాంటి చోట పిల్లలకు ఒక సెమిస్టరు పని. చదువుకున్న నేర్పుకు పట్టా ఇచ్చే వ్యవస్థ మనం కట్టుకున్నాం. చేతి నేర్పుకు మాత్రం ఎగ్జిబిషన్‌లో ఒక స్టాలు, ఒక శిక్షణ శిబిరం, ఒక సర్టిఫికెట్ ఇచ్చి సరిపెడతాం. శిబిరంలో నేర్చినవాడు మళ్ళీ ఆ అడుగు లెక్క కూలికే వెళ్ళాలి. ముడికి ధర కట్టనంత కాలం ఎన్ని శిబిరాలు పెట్టినా పని నేర్చినవాళ్ళే పెరుగుతారు, పని మీద బతికేవాళ్ళు పెరగరు.

మంచి తివాచీలు మ్యూజియాల్లో అద్దాల వెనక ఉన్నాయి, వాటికి ఢోకా లేదు. నశించింది వాటిని నేసిన తీరులోని నిర్ణయాధికారం. ఏలూరు నేతగాడిని ఎవరూ ఒక్కరోజులో మగ్గం మీంచి లేపలేదు. తరాల పాటు ఇంకొంచెం తగ్గించు అన్నారు. కాదనే శక్తి లేక అతను రంగు తగ్గించాడు, పోగు తగ్గించాడు, ముడి తగ్గించాడు. తగ్గించడానికి ఇంకేమీ మిగలని నాడు మనుషులే తగ్గిపోయారు.