కోరంగి నుంచి రంగం దాకా

కాకినాడకు దక్షిణాన, గోదావరి పాయ సముద్రంలో కలిసే దగ్గర కోరంగి ఉంది. ఇప్పుడు అక్కడికి జనం మడ అడవులు చూడటానికి వెళ్తున్నారు. రెండు వందల ఏళ్ల కిందట ఓడలు కట్టించుకోవడానికి, చెడినవాటిని బాగుచేయించుకోవడానికి వెళ్లేవారు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన ఆ ఊరిని ఊడ్చేసింది. రెండోసారి మూడు లక్షల మంది పోయారని పుస్తకాల్లో ఉంటుంది. ఒక చిన్న రేవుకు ఆ లెక్క మరీ పెద్దదే. మేట వేసిన రేవును వదిలి వ్యాపారం కాకినాడకు జరిగిపోయింది.

పేరు మాత్రం బంగాళాఖాతం దాటింది. బర్మాలోని నేటి యాంగోన్ అప్పటి రంగూన్. కోస్తా తెలుగువాళ్ల నోట 'రంగం'. అక్కడ తెలుగు కూలీ విశాఖ వాడైనా గంజాం వాడైనా 'కోరంగీ'యే.

1852లో ఇంగ్లీషువాళ్లు రంగూన్‌ను పట్టుకున్నారు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఐరావతి డెల్టా బియ్యానికి గిరాకీ పెరిగింది. ఒండ్రు నేల, వరి చేలు, ఉప్పునీటి పాయలు: గోదావరి మనిషికి ఆ నేల కొత్త కాదు. కాకపోతే దున్నే పని దొరికింది తక్కువమందికే. మిగతావాళ్లు రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో చేశారు, రిక్షాలు లాగారు.

స్టీమరు డెక్కు మీద ప్రయాణం. టిక్కెట్టు డబ్బు మేస్త్రీ అడ్వాన్సుగా ఇచ్చేవాడు. అది తీరేదాకా అతని ముఠా విడవడానికి లేదు. కంపెనీ ఇచ్చే సొమ్ము మేస్త్రీల చేతులు దాటి కూలీకి చేరేసరికి బాగా చిక్కిపోయేది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులు.

అంతకు ఏడాది ముందే నెత్తురు పారింది. 1930 మే నెలలో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మావాళ్లను పనిలోకి దించాయి, సమ్మె తేలగానే వాళ్లను పొమ్మన్నాయి. మే 26న రేవులో మొదలైన గొడవ వీధుల్లోకి పాకింది. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగు కూలీలే. రెండు పక్కలా పనికి పెట్టుకున్న కంపెనీ దొరల జోలికి ఎవరూ పోలేదు.

1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాయి. రేవు ఖాళీ అయింది. ఓడ దొరకనివాళ్లు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిన నడిచారు. లక్షల మంది కదిలిన ఆ దారిలో ఎందరో రోగాలకు, ఆకలికి రాలిపోయారు. యుద్ధం తర్వాత మిగిలినవాళ్లలో చాలామంది, 1960ల్లో బర్మా ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు తిరిగొచ్చారు. విశాఖపట్నంలో వాళ్లు దిగిన చోటికి బర్మా క్యాంపు అన్న పేరు స్థిరపడింది.